చౌకగా టీ ఇస్తామంటే సముద్రంలో పోశారు

మొన్న ఫోన్లో మా బావ మొదలుపెట్టాడు. జీతం చీటీ చూసుకున్న రోజు ఆయనకి చరిత్ర గుర్తొస్తుంది. "పన్ను పెంచారని అమెరికా వాళ్ళు టీ అంతా సముద్రంలో పోసి స్వాతంత్ర్యం తెచ్చుకున్నార్రా, మనం చూడు, ఎంత కోసినా నోరెత్తం" అన్నాడు. "పెంచలేదు బావా, ఆ ఏడు కొత్త పన్ను ఒక్కటి కూడా వెయ్యలేదు, పైగా టీ ధర తగ్గించారు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నీకెవరు చెప్పారు?" అని మొదలై, ముప్పావుగంట నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు. ఆ పూర్తి చెయ్యని వాక్యాలన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను. బావా, చదువుతుంటే మధ్యలో అడ్డం రావడం కుదరదు, అదొక్కటే నాకు ఊరట.

1763లో ఫ్రాన్స్‌తో ఏడేళ్ళ యుద్ధం ముగిసింది. బ్రిటన్ గెలిచింది, గెలిచేసరికి అప్పు దాదాపు రెట్టింపయింది. అమెరికా తూర్పు తీరంలో తన ఏలుబడిలో ఉన్న వలసలకి కాపలాగా ఓ పదివేల మంది సైన్యాన్ని ఉంచాలనుకున్నారు, ఆ ఖర్చులో కొంతైనా అక్కడివాళ్ళే పెట్టుకోవాలన్నారు. నిజం చెప్పాలంటే ఇది మరీ అన్యాయమైన మాటేం కాదు. లండన్లో ఉండే మామూలు మనిషి అప్పటికే ఆ వలసల్లోని బోస్టన్ మనిషి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పన్ను కడుతున్నాడు. అందుకే ఈ కథని "పాపం పన్నుల భారంతో నలిగిపోయిన ప్రజలు" అని చెప్పేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. వాళ్ళు నలిగిపోలేదు. వాళ్ళ గొడవ వేరు.

మొదటి మెలిక 1764లోనే కనిపిస్తుంది. రమ్ము కాచడానికి కరీబియన్ దీవుల నుంచి తెచ్చుకునే మొలాసిస్ (చెరకు మడ్డి) మీద అప్పటికి గ్యాలనుకి 6 పెన్నీల సుంకం ఉండేది, కాగితం మీద. ఎవడూ కట్టేవాడు కాదు, కస్టమ్స్ వాడి చేతిలో ఎంతో కొంత పెడితే సరుకు దిగిపోయేది. పార్లమెంటు ఆ సుంకాన్ని 6 నుంచి 3కి తగ్గించింది, తగ్గించి "ఇక నిజంగా వసూలు చేస్తాం" అంది. నౌకాదళాన్ని కాపలా పెట్టింది, పట్టుబడ్డవాడి కేసు జ్యూరీ లేని కోర్టుకి వెళ్ళేలా చేసింది. సగానికి సగం తగ్గిన పన్ను మీద గోల మొదలైంది. పైనుంచి చూసేవాడికి ఇది వింతగా ఉంటుంది. ఊళ్ళో వాడికి మాత్రం తెలుసు, కాగితం మీది ఆరు కంటే జేబులోంచి పోయే మూడే ఎక్కువని.

మరుసటి ఏడు, అంటే 1765లో, స్టాంపు చట్టం. ఇది కాస్త ఆగి చూడాల్సిన సంగతి. వార్తాపత్రిక, పంచాంగం, వీలునామా, భూమి దస్తావేజు, ఓడ కాగితాలు, కాలేజీ డిగ్రీ, పేకముక్కలు, చివరికి పాచికలు కూడా లండన్ నుంచి ఓడలో వచ్చే ముద్ర వేసిన కాగితం మీదే ఉండాలి, లేదా ఆ ముద్ర పడాలి. దానికి డబ్బు కూడా ఇంగ్లండు నాణెంలోనే కట్టాలి, అది అక్కడ దొరకడమే గగనం. ఇంతకీ ఈ పన్ను ఎవరెవరి మీద పడింది? ప్లీడర్ల మీద, పత్రికలు అచ్చేసేవాళ్ళ మీద, వ్యాపారుల మీద, సారాకొట్ల వాళ్ళ మీద. ఊళ్ళో బాగా మాట్లాడేవాళ్ళు, మాట్లాడింది అచ్చువేసేవాళ్ళు, ఆ మాటలు నలుగురూ కూర్చుని వినే చోటు నడిపేవాళ్ళు, అందరినీ ఒకే దెబ్బకి శత్రువులుగా చేసుకోవాలంటే ఇంతకంటే మంచి చట్టం రాయలేరు.

ఆగస్టు 14న పొద్దున్నే బోస్టన్‌లో ఒక పెద్ద చెట్టుకి దిష్టిబొమ్మ వేలాడుతోంది. స్టాంపులు పంచాల్సిన ఆండ్రూ ఆలివర్ అనే అధికారి బొమ్మ అది. పక్కనే ఒక బూటు, అందులోంచి తొంగిచూస్తున్న దెయ్యం. రాజుగారి పాత మంత్రి పేరు బ్యూట్ ప్రభువు, బ్యూట్‌కి బూటు, అదీ వాళ్ళ చమత్కారం. సాయంత్రానికి జనం ఆలివర్ ఇంటి మీద పడ్డారు, తెల్లారేసరికి ఆయన ఈ ఉద్యోగం నాకొద్దన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పన్నెండు రోజుల తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్‌సన్ ఇంటిని గోడలు మిగిలేదాకా దోచేశారు, ఆయన ఏళ్ళ తరబడి రాసుకుంటున్న చరిత్ర కాగితాలు వీధి బురదలో పారేశారు. తమాషా ఏమిటంటే ఆ హచిన్‌సన్‌కి స్వయంగా స్టాంపు చట్టం నచ్చలేదు, అది తప్పని లండన్‌కి చెప్పినవాడే. ఆ సంగతి గుంపుకేం పట్టింది.

నవంబరు 1న చట్టం అమల్లోకి వచ్చేసరికి స్టాంపులు అమ్మడానికి దాదాపు ఎక్కడా మనిషి లేడు. ఇంగ్లండు సరుకు కొనం అని వ్యాపారులు కట్టుబడ్డారు, అక్కడి వర్తకుల కొంప మునిగి వాళ్ళే పార్లమెంటు ముందు మొత్తుకున్నారు. 1766 మార్చిలో చట్టం రద్దయింది. అదే రోజు ఇంకో చట్టం కూడా చేశారు, "ఏ విషయంలోనైనా సరే మీ మీద చట్టం చేసే హక్కు మాకుంది" అని. జనం సంబరాల్లో ఉన్నారు, ఆ రెండో కాగితాన్ని సరిగ్గా చదివినవాళ్ళు తక్కువ.

ఇక్కడ బావ అడిగిన ప్రశ్న: "మరి వాళ్ళకి ఓటు ఇచ్చి ఒకరిద్దరిని పార్లమెంటుకి పంపించుకోమంటే సరిపోయేదిగా?" అప్పట్లో లండన్ వాదన ఇంకోలా ఉండేది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి పెద్ద ఊళ్ళు కూడా సొంతంగా సభ్యులని పంపడం లేదు, అయినా పార్లమెంటు అందరి తరఫునా ఆలోచిస్తుంది, అలాగే మీ తరఫునా ఆలోచిస్తుంది, అని. మాంచెస్టర్‌కి అన్యాయం చేస్తున్నాం కాబట్టి మీకు చేసినా అన్యాయం కాదు అనే ఈ తర్కం నాకు భలే నచ్చింది. కానీ దాంట్లో ఇంకో లోపం ఉంది. మాంచెస్టర్ మీద పన్ను వేసే సభ్యుడు తానూ ఆ పన్ను కడతాడు. బోస్టన్ మీద వేస్తే తన పన్ను తగ్గుతుంది. మధ్యలో మూడు వేల మైళ్ళ సముద్రం, ఒక ఉత్తరానికి జవాబు రావాలంటే రెండు మూడు నెలలు, అవతలివాడి మొహం చూసే అవసరమే లేదు. అంత దూరంలో ఉన్న పార్లమెంటుకి ఇద్దరు సభ్యులని పంపితే వాళ్ళ మాట ఎవరు వింటారని వలసల వాళ్ళకి కూడా తెలుసు, అందుకే వాళ్ళు సీట్లు అడగలేదు. పన్ను వేస్తే మా ఊరి సభే వెయ్యాలి అన్నారు.

1767లో ఛార్లెస్ టౌన్‌షెండ్ అనే ఆర్థిక మంత్రి గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేశాడు. ఆ డబ్బు దేనికి ఖర్చు పెడతానన్నాడో చూడండి, అసలు కథ అక్కడుంది. వలసల్లోని గవర్నర్లకి, జడ్జీలకి జీతాలివ్వడానికట. అంతకు ముందు ఆ జీతాలు చాలా చోట్ల స్థానిక సభలే ఇచ్చేవి. గవర్నరు మరీ ఎక్కువ చేస్తే జీతం ఆపేవాళ్ళు. చేతిలో ఉన్న ఒకే ఒక పగ్గం అది. ఇప్పుడు జీతం టీ పన్నులోంచి వస్తే గవర్నరు ఊళ్ళోవాళ్ళకి భయపడనక్కర్లేదు. అంటే మీ డబ్బుతోనే మీ పగ్గం తెంపుతున్నారన్న మాట. పన్ను ఎంత అన్నది చిన్న సంగతి.

మళ్ళీ బహిష్కరణలు, ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని రాట్నాలు వడకడం, ఇంగ్లండు బట్ట వద్దని ఇంట్లో నేసిన ముతక బట్ట కట్టడం. (ఇది మనకి బాగా తెలిసిన దృశ్యమే, కాకపోతే మనకంటే నూటయాభై ఏళ్ళ ముందు.) 1768లో బోస్టన్‌లో సైన్యం దిగింది. 1770 మార్చి 5 రాత్రి మంచుగడ్డలు విసురుతున్న గుంపు మీద సైనికులు కాల్చారు, ఐదుగురు పోయారు. సరిగ్గా అదే రోజు లండన్లో ప్రధాని నార్త్ ప్రభువు లేచి ఈ సుంకాలన్నీ తీసేద్దామని సభలో ప్రతిపాదించాడు. ఒక్క టీ మీద తప్ప. పౌను బరువుకి 3 పెన్నీలు. డబ్బు కోసం కాదు, హక్కు ఉందని చూపించడానికి ఒక మేకు గోడకి కొట్టి ఉంచారు.

మూడేళ్ళు ఆ మేకుని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డచ్చి వాళ్ళ దగ్గరనుంచి దొంగచాటుగా వచ్చే టీ తాగుతూ కాలం గడిపేశారు. దాన్ని కదిపింది ఈస్టిండియా కంపెనీ.

మన కథలోకి వచ్చేశాం కదా. 1765 ఆగస్టు 12న మొగలు పాదుషా షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ కంపెనీకి రాసిచ్చాడు, అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు. ఉత్తర సర్కారుల, అంటే మన కోస్తా జిల్లాల, ఫర్మానా కూడా అప్పటిదే, మరుసటి ఏడు నిజాం కూడా ఒప్పుకున్నాడు. బోస్టన్‌లో చెట్టుకి దిష్టిబొమ్మ కట్టింది ఆగస్టు 14న. రెండు రోజుల తేడా! తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒక చివర కాగితం మీద ముద్రకి కొన్ని పెన్నీలు అడిగితే ఊరు తిరగబడింది, ఇంకో చివర కోట్ల మంది శిస్తు ఒక వ్యాపార కంపెనీకి సంతకంతో వెళ్ళిపోయింది, ఆ కోట్ల మందిలో ఎంతమందికి తెలిసిందో కూడా అనుమానమే.

దివానీ వచ్చాక కంపెనీ వాటాల ధర ఎగిరింది, ప్రభుత్వం కూడా ఏటా 4 లక్షల పౌన్లు మాకివ్వండి అని కూర్చుంది. 1769-70లో బెంగాల్‌లో ఘోరమైన కరువు. జనం చస్తున్నా శిస్తు వసూలు ఆగలేదు. సైన్యం ఖర్చులు, లండన్లో వాటాదారులకి పంచిన లాభాలు, 1772లో బ్యాంకులు కూలిపోవడం, అన్నీ కలిసి కంపెనీ దివాలా అంచుకొచ్చింది. లండన్ గోదాముల్లో చైనా టీ గుట్టలు గుట్టలుగా పడి ఉంది. (చైనాదే. అప్పటికి భారతదేశంలో టీ తోటలు లేవు, బోస్టన్‌లో పోసింది అస్సాం టీ అనుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.) కంపెనీని బతికించడానికి 1773 మే నెలలో టీ చట్టం చేశారు. అప్పటిదాకా కంపెనీ లండన్లో వేలం వేస్తే వర్తకులు కొని అమెరికాకి పంపేవాళ్ళు. ఇకమీదట కంపెనీయే నేరుగా పంపచ్చు, ఇంగ్లండులో కట్టిన సుంకం వెనక్కి తీసుకోవచ్చు. మధ్యవాళ్ళు పోయారు, సుంకం పోయింది, ధర డచ్చి దొంగ టీ కంటే కిందికి దిగుతుంది. అమెరికా రేవులో కట్టే ఆ 3 పెన్నీలు మాత్రం అలాగే ఉంచారు. అది తీసెయ్యండి, లేకపోతే వాళ్ళు టీ తీసుకోరు అని సభలో ఒక సభ్యుడు నార్త్‌కి చెప్పాడు కూడా. వినలేదు.

చౌక టీ ఎర అని వలసల వాళ్ళు పట్టేశారు. కొన్నావంటే 3 పెన్నీలు కట్టినట్టే, కట్టావంటే హక్కు ఒప్పుకున్నట్టే. పైగా ఆ టీ అమ్మే అవకాశం కంపెనీ ఎంచుకున్న కొద్దిమందికే ఇచ్చారు, బోస్టన్‌లో ఆ కొద్దిమందిలో ఇద్దరు హచిన్‌సన్ కొడుకులు. ఆయన అప్పటికి గవర్నరు. మిగతా వ్యాపారులకి, దొంగ సరుకు తెచ్చేవాళ్ళకి కూడా కడుపు మండింది, అది దాచనక్కర్లేదు. ఆశయం, స్వార్థం రెండూ ఒకే బండెక్కాయి. కానీ వాళ్ళ భయంలో మన పేరు కూడా ఉంది. ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్‌సన్ అనే లాయరు మారుపేరుతో ఒక ఉత్తరం అచ్చువేశాడు. ఆసియాలో ఈ కంపెనీ జనాన్ని ఎలా పీల్చిందో, కరువులో లక్షల మంది ఎలా చచ్చారో చూడండి, ఇప్పుడు మన మీద పడ్డారు, అన్నది దాని సారాంశం. బెంగాల్ కరువు బోస్టన్ టీకి ఒక కారణమని మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

నవంబరు 28న డార్ట్‌మౌత్ అనే ఓడ టీతో బోస్టన్‌కి వచ్చింది. తర్వాత ఎలినార్, బీవర్. నాలుగోది దారిలోనే ఒడ్డుకి కొట్టుకుని పగిలింది. రూలేమిటంటే ఓడ వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు జప్తు చేస్తారు, జప్తు చేస్తే ఎలాగూ అమ్ముతారు. వెనక్కి పంపేద్దామంటే గవర్నరు అనుమతి లేనిదే ఓడ రేవు దాటకూడదు. డిసెంబరు 16 ఆఖరి రోజు. ఓల్డ్ సౌత్ ప్రార్థన మందిరంలో 5,000 మంది దాకా చేరారు, ఊరి జనాభాయే 16,000 అటూ ఇటూ. డార్ట్‌మౌత్ యజమాని ఫ్రాన్సిస్ రోచ్ పాపం ఇరవయ్యేళ్ళు దాటిన కుర్రాడు, గవర్నర్ దగ్గరికి చలిలో గుర్రం మీద పరిగెత్తాడు అనుమతి కోసం. జనం చీకటి పడేదాకా కూర్చున్నారు. ఆయన తిరిగొచ్చి "ఇవ్వనన్నాడు" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు, మొహాలకి మసి పూసుకుని, దుప్పట్లు కప్పుకుని, మోహాక్ అనే అమెరికా ఆదివాసుల వేషంలో కొంతమంది ఓడలెక్కారు. నాకిష్టమైనవి చిన్న వివరాలు. మూడు గంటల్లో 342 పెట్టెలు పగలగొట్టి నీళ్ళలో పోశారు, దగ్గర దగ్గర 42 టన్నుల టీ. ఇంకేదీ ముట్టలేదు, ఒక తాళం పగిలితే తర్వాత కొత్త తాళం పంపారు. కోటు అస్తరులో టీ నింపుకుంటున్న ఒకణ్ణి పట్టుకుని గుడ్డలు చింపి తన్ని తరిమారు. నీళ్ళు వెనక్కి తగ్గిన సమయం కావడంతో టీ మునగకుండా ఓడ పక్కనే గడ్డివామిలా పేరుకుపోయింది, మర్నాడు పడవల్లో వెళ్ళి తెడ్లతో కొట్టి ముంచాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళ కింద హచిన్‌సన్ ఇల్లు దోచిన ఊరేనా ఇది అనిపిస్తుంది. మధ్యలో ఎవరో వాళ్ళకి క్రమశిక్షణ నేర్పారు.

ఇంకో సంగతి. ఆ డార్ట్‌మౌత్ ఓడలోనే ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకం ప్రతులు కూడా లండన్ నుంచి వచ్చాయి. ఆఫ్రికాలో పుట్టి, చిన్నపిల్లగా బోస్టన్‌కి బానిసగా అమ్ముడైన మనిషి ఆమె. స్వేచ్ఛ స్వేచ్ఛ అని అరుస్తున్న ఊళ్ళో ఆమెలాంటి వాళ్ళని కొని అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. మమ్మల్ని బానిసల్ని చేస్తున్నారు అని పత్రికల్లో రాసేవాళ్ళు, ఆ పత్రికలోనే పారిపోయిన బానిసల ప్రకటనలు వచ్చేవి. దీన్ని ఏం చేసుకోవాలో నాకిప్పటికీ తెలీదు.

టీ పోసినందుకు అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కంపెనీకి నష్టం కట్టెయ్యమన్నాడు, వాషింగ్టన్‌కి కూడా ఆ పని నచ్చలేదు. లండన్ కాస్త ఆగి ఉంటే వలసలు తమలో తాము కొట్టుకునేవేమో. ఆగలేదు. 1774 జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూసేశారు, టీ డబ్బు కట్టేదాకా తెరిచేది లేదన్నారు. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస సభ అధికారాలు కోసేశారు, సేనాపతినే గవర్నరు చేశారు. కొంతమంది చేసిన పనికి ఊరంతటి కడుపు మాడ్చేసరికి తిట్టుకున్నవాళ్ళే కరిగిపోయారు. కరోలినా నుంచి బియ్యం, కనెక్టికట్ నుంచి గొర్రెలు. సెప్టెంబరులో పన్నెండు వలసలు ఫిలడెల్ఫియాలో కూర్చున్నాయి, 1775 ఏప్రిల్లో తుపాకులు పేలాయి. 1778లో పార్లమెంటు ఇక వలసల మీద ఆదాయం కోసం పన్ను వెయ్యం అని చట్టం చేసింది. పదమూడేళ్ళు ఆలస్యంగా. అప్పటికి ఫ్రాన్స్ కూడా యుద్ధంలోకి వచ్చేస్తోంది.

1781లో అమెరికాలోని యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన బ్రిటిష్ సేనాపతి కార్న్‌వాలిస్ ఐదేళ్ళకి గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో బెంగాల్‌కి శాశ్వత శిస్తు ఒప్పందం పెట్టాడు, 1802 నుంచి అదే పద్ధతి మన సర్కారు జిల్లాలకీ వచ్చింది. అక్కడ పోగొట్టుకున్న మనిషి ఇక్కడ లెక్కలు రాశాడు.

అమెరికాలో కూడా కథ అంత అందంగా సాగలేదు. 1786లో అదే మసాచుసెట్స్‌లో అప్పులు, పన్నులు భరించలేక రైతులు కోర్టుల మీదికి వెళ్ళారు, షేస్ తిరుగుబాటు అంటారు. అప్పుడు వాళ్ళని కఠినంగా శిక్షించాలని గట్టిగా అన్నవాళ్ళలో శామ్యూల్ ఆడమ్స్ ఒకడు, టీ రాత్రి ఓల్డ్ సౌత్ సభ నడిపిన పెద్దల్లో ముఖ్యుడు. రాజు మీద తిరగబడటం వేరు, మనం ఎన్నుకున్న ప్రభుత్వం మీద తిరగబడటం వేరు అని ఆయన వాదన. అన్నట్టు ఈ ఆడమ్స్ యుద్ధానికి ముందు బోస్టన్‌లో పన్ను వసూలు ఉద్యోగం చేశాడు, వేల పౌన్ల బకాయిలు వసూలు చెయ్యకుండా వదిలేశాడు. జనానికి ఆయనంటే అంత ఇష్టం ఎందుకో నాకు అక్కడే అర్థమైంది.

ఇదంతా రాశాక నిన్న బావకి మళ్ళీ ఫోన్ చేసి సగం చదివి వినిపించాను. ఈసారి అడ్డం రాలేదు, అంతా విని ఒకటే అడిగాడు.

"అంతా బానే ఉంది గానీ, ఆ టీ డబ్బు చివరికి కంపెనీకి ఎవరు కట్టారు?"

కంపెనీ లెక్క ప్రకారం 9,659 పౌన్లు. ఎవరూ కట్టలేదు బావా.